ఓబుళమ్మత్త కోసిన పడుగు

పోయిన వారం మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నీ దుడ్లు ఏమన్నా ఆ ఫైనాన్స్ కంపెనీలో ఉండాయా? ఉంటే పొద్దున్నే పోయి తీసేసుకో. మూసేస్తాండారంట" అన్నాడు. ఎవరన్నారురా అంటే అందరూ అంటున్నారన్నాడు. అందరూ అంటే ఎవరురా అంటే, "ఏమత్తా నువ్వు, ఫోన్లో వచ్చినాది" అని విసుక్కుని పెట్టేశాడు. నాకు అందులో పైసా లేదు. అయినా, చెప్పొద్దూ, లేచి బీరువా తాళం వేసి ఉందో లేదో చూసుకుని వచ్చాను. వచ్చి కూర్చున్నాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఇంత వయసొచ్చాక కూడా ఒక్క మాట చెవిన పడితే కాళ్ళు వాటంతటవే పరిగెత్తబోతాయి. అప్పుడే మా ఓబుళమ్మత్త గుర్తొచ్చింది. ఊరంతా అలా పరిగెత్తిన రోజున కదలకుండా నిలబడిన మనిషిని నా జన్మలో ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆమె మా నాయనకు అక్క. ధర్మవరంలో మా ఇల్లూ ఆమె ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో గోడ, గోడలో తలుపు లేని దారి. ఆ దారిలోంచి ఆమె పొద్దున్నే వక్కాకు నములుతూ వచ్చేసరికి మా ఇంట్లో నాయనా నేనూ మగ్గం గుంతలో దిగి ఉండాలి. నాయన నడి చీర నేసేవాడు, నేను పక్కన కూర్చుని అంచు పోగు అల్లే నాడె విసిరేదాన్ని. బడి మానేసి రెండేళ్ళయింది, అందుకు నాకు పెద్ద బాధేం లేదు. మగ్గం మీద కూర్చుంటే వీధి కబుర్లన్నీ కూర్చున్న చోటికే వచ్చేవి. వంటింట్లోంచి అమ్మ ఉగ్గానిలోకి ఊరుబిండి పచ్చడి నూరుతున్న వాసన, ఎదురింటి దస్తగిరన్న పెరట్లో రంగు తొట్లలోంచి లేచే వేడి ఆవిరి, తడి పట్టుకుండే ఆ పురుగు వాసన, మూడూ కలిసి పొద్దున్నే ముక్కుకు తగిలేవి. పట్టుచీర కట్టుకునేవాళ్ళకు ఆ వాసన తెలియదు. తెలిస్తే సగం మంది కట్టుకోరని మా అమ్మ అంటుండేది.

అత్తకు పిల్లల్లేరు. మామ చిన్న వయసులోనే పోయాడు. పోయాక బంధువులంతా చేరి, మగ్గాలు అమ్మేసి తమ్ముడి పంచన ఉండమని చెప్పారట. "తమ్ముని పంచన నేనుండేదేమి, నా పంచనే తమ్ముడుంటాడు" అని మామ మగ్గాలన్నీ తనే నడిపింది, ఇంకొన్ని పెంచింది కూడా. రంగప్ప సావుకారు దగ్గర పట్టు అప్పుకు తెచ్చి మా వీధిలో డజను ఇళ్ళకు పడుగులు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసే పోగులు, ఇచ్చేది. మగ్గం మీంచి చీర దిగితే కూలి ఇచ్చి, చీరను బెంగుళూరు కొట్లకు పంపేది. నేసిన చీరను ఆమె పరీక్ష చేసే తీరు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. వెలుగులో పెట్టి చూసేది కాదు. కళ్ళు మూసుకుని చెంపకు రాసుకునేది. ఎక్కడో ఒకచోట ఆగి, "ఈడ ఇంట్లో పోట్లాడి నేసినావురా" అనేది. పోగును బిగించే పలక కొట్టు ఎక్కువైనా తక్కువైనా చెంపకు తెలిసిపోయేది. నిజంగానే పోట్లాడి ఉండేవాళ్ళు కూడా! ఆ మాట విని నేతగాడి పెళ్ళాం లోపల్నుంచి కిసుక్కున నవ్వేది.

వీధిలో వాళ్ళు కూలి మొత్తం ఇంటికి తీసుకుపోయేవాళ్ళు కారు. కొంత ఆమె దగ్గరే నిలవ పెట్టేవాళ్ళు. ఇంట్లో ఉంటే తాగుడుకో, తిరునాళ్ళకో పోతుందని భయం. బ్యాంకుకు పోవాలంటే సిగ్గు. దస్తగిరన్న ఇంటి మీద రేకులు వేయించుకోవడానికి ఆమె దగ్గర పెట్టాడు. మా నాయన సొంత మగ్గం కొనుక్కోవడానికి పెట్టాడు. అక్క మగ్గం మీద నేసే తమ్ముడికి, నాది అని చెప్పుకోవడానికి ఒక మగ్గం కావాలని ఎంత ఆశో మా అమ్మకూ నాకూ తెలుసు. నేతకు కావలసిన కొయ్య ఎక్కడ బాగుంటుందో, గుంత ఏ మూల తవ్వాలో, అన్నీ అనుకుని పెట్టుకున్నాడు. ఆ డబ్బంతా అత్త ఇనప్పెట్టెలో ఉందనుకునేవాళ్ళం. పెట్టెలో ఎక్కడిది, అది పట్టు రూపంలో మా మగ్గాల మీదే ఉందని అప్పుడు మాకు తోచలేదు.

ఆ కాలంలో వరసగా వానల్లేవు. వానకూ పట్టుచీరకూ ఏం సంబంధమని అడుగుతారేమో. మా వైపు కుందుర్పి నుంచి ఇటు దాకా చేలల్లో వేరుశెనగ తప్ప ఏముంది? కాయ నిండకపోతే పెళ్ళిళ్ళు ఆగేవి. పెళ్ళిళ్ళు ఆగితే కొట్లలో చీరలు ఆగేవి. చీరలు ఆగితే బెంగుళూరులో మా చీరలు కొనే పెద్ద వర్తకుడు ఎవరికీ డబ్బు కట్టలేక ఐపీ పెట్టాడు. ఆ కబురు ఒకరోజు సాయంత్రం బస్సులో వచ్చింది. కండక్టరు బస్టాండులో టీ తాగుతూ చెప్పాడు, టీ అంగడివాడు వీధి వీధికీ చెప్పాడు. మా రంగప్ప సావుకారుకు ఆ వర్తకుడి నుంచి రావలసింది చాలా ఉందని అందరికీ తెలుసు. అది మునిగిందంటే రంగప్ప మునిగినట్టే, రంగప్ప మునిగితే ఆయన పట్టు అప్పుకు తెచ్చుకున్న మా అత్త సంగతేమిటి? అన్నం తింటూ నాయన ముద్ద చేతిలోనే పెట్టుకుని గోడ వైపు చూశాడు.

మరునాడు మామ తిథి. ప్రతి ఏడూ ఆ రోజు అత్త పడుగులున్న మగ్గాలు ఏవీ ఆడవు. మామ మగ్గం మీదే కూలిపోయాడు కాబట్టి ఆ ఒక్క రోజు నాడె ముట్టరాదని ఆమె పెట్టుకున్న నియమం. వీధికంతటికీ తెలిసిన సంగతే. కానీ అయ్యో రామ, భయపడిన మనిషికి తెలిసింది కూడా గుర్తుంటుందా? పొద్దున్నే లేచేసరికి టకటకమనే వీధి సగం మౌనంగా ఉంది. పై వీధి వాళ్ళు చెవులు రిక్కించారు. ఓబుళమ్మ మగ్గాలు ఆపేసింది, పడుగులు ఎత్తేస్తోంది, చేతులెత్తేసింది అన్నారు. తిథి అని తెలిసిన వాళ్ళు కూడా, "తిథి సరే, దానికింద ఇంకేమన్నా ఉండాదేమో" అన్నారు. ఎండ ముదరకముందే అత్త వాకిట్లో జనం. ఆమె తడి జుట్టు ముడేసుకుని తిథికి పప్పు వండుతోంది. అట్లకాడ చేతిలోనే పట్టుకుని బయటకు వచ్చింది.

ముందు దస్తగిరన్న నోరు తెరిచాడు. చేతులకు నీలం రంగు ఇంకా ఆరలేదు. "అక్కా, నన్ను తప్పుగా అనుకోవద్దు. నా దుడ్లు నాకిచ్చేయ్. రేకులు తెచ్చుకుంటా" అన్నాడు. "రేకులు నిన్న గుర్తు రాలేదేమప్పా దస్తగిరీ?" అంది అత్త. ఆయన తల వంచుకున్నాడు. ఆయన వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. ఒకడు అడిగేసరికి తక్కినవాళ్ళకు ధైర్యం వచ్చింది. ఆ గొంతులు విని మా ఇంట్లో అమ్మ నాయన భుజం పట్టి కుదిపింది. "అందరూ పోతాండారు. నువ్వు చూస్తా కూచుంటే మనకేం మిగులుతాది? అక్క అని మగ్గం వదులుకుంటావా?" అంది. నాయన కండువా వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. చివరికి గోడలోని దారి గుండా కాదు, వీధి తలుపు తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళి అందరితో పాటు వాకిట్లో నిలబడ్డాడు. ఆ రోజు నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. తమ్ముడిలా రాలేదు, బాకీదారులా వచ్చాడు. అత్త ఆయన్ని చూసింది.

ఇంతలో రంగప్ప సావుకారు వచ్చాడు. పాపం ఆయన చెడ్డవాడు కాదు. రాత్రంతా నిద్ర లేదని ముఖమే చెబుతోంది. పట్టు ఆయనకు అప్పుకిచ్చిన హిందూపురం వాళ్ళు అప్పటికే ఇంటికొచ్చి కూర్చున్నారట. చేతిలో పెద్ద కత్తెర, వెంట ఇద్దరు మనుషులు. "ఓబుళమ్మా, నాకు వేరే దారి లేదు. మగ్గాల మీదుండే నా రేషం, నా పట్టు కోసుకోని పోతా. ఎంతుంటే అంత వాళ్ళ మొగాన కొడతా" అన్నాడు. వాకిట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. మా వీధిలో మనిషిని కొట్టినా చూస్తారు గానీ మగ్గం మీదున్న పడుగును కోస్తే చూడలేరు. కోసిన పడుగు పట్టుకు కొరగాదు, చీరకు కొరగాదు. పోగులు పొట్టివైపోతాయి, రంగు వేసినవి కాబట్టి ఇంకో చీరలో కలవవు. సావుకారుకూ ఆ సంగతి తెలుసు. తెలిసే వచ్చాడు. పక్క వీధిలో ఇంకో సావుకారు కోయడం మొదలుపెడతాడేమో, తను వెనకబడిపోతానేమోనని ఆయన దడ. ఆయన ఒక్క మగ్గం మీద కత్తెర పెడితే సాయంత్రానికి ఊళ్ళో సావుకార్లందరూ కత్తెరలు పట్టుకుని తిరిగేవాళ్ళు.

అందరికన్నా దగ్గరగా ఉన్నది మా మగ్గమే. ఆయన మనుషులు గోడ దారిలోంచి మా ఇంట్లోకి వచ్చారు. నేను గుంతలోకి దిగి కూర్చున్నాను. ఎందుకు దిగానో తెలియదు. ఆ చీర సగం పైన నేశాము, నెమలి కంఠం రంగు, ఎర్ర అంచు. "లెయ్ పాపా" అన్నాడు వాళ్ళలో ఒకడు. నేను లేవలేదు. అప్పుడు వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "దాన్ని వదలండి. సావుకారూ, కొయ్యాలంటే ముందు నా మగ్గం కొయ్యి. రా" అంది.

ఆమె సొంత మగ్గం లోపలి గదిలో ఉండేది. ఏడాదికి ఒక్క చీరే దాని మీద నేసేది, చౌడేశ్వరమ్మ తిరునాళ్ళకు అమ్మవారికి కట్టే చీర. పసుపు చీర, ఎర్ర అంచు. తనే నేసేది, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఇంకో మూరో రెండు మూరలో నేస్తే దిగిపోయేది. అందరూ గది గుమ్మంలోకి వచ్చి చూస్తుండగా ఆమె సావుకారు చేతిలోంచి కత్తెర తీసుకుంది. "అక్కా, అది అమ్మవారిది" అన్నాడు నాయన. వాకిట్లోకి వచ్చాక ఆయన నోరు విప్పింది అప్పుడే. "అమ్మవారికి నేను చెప్పుకుంటాలేరా" అని, పోగులు దూర్చిన అచ్చు వెనక కత్తెర పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు కోసేసింది. బిగిసి ఉన్న పోగులన్నీ ఒక్కసారిగా వదులై వేలాడాయి. ఎవరో ఆడమనిషి అమ్మా అని అరిచింది. కోసేటప్పుడు అత్త ముఖం చూశాను. పెదాలు గట్టిగా బిగించింది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

నేసినంత గుడ్డను, పోగులను వాకిట్లోకి తెచ్చి సావుకారు ముందు పడేసింది. "చూడప్పా, నీ రేషం. తీసుకో. ఎంతకు జమ కట్టుకుంటావు?" అంది. ఆయన ఒక పోగు చేతిలోకి తీసుకుని వదిలేశాడు. "దస్తగిరీ, నీ రేకుల కింద నువ్వు తీసుకుంటావా? ఒరే రామాంజీ, నీ మగ్గం కింద నువ్వు తీసుకుంటావేమి?" అంది నాయన వైపు తిరిగి. ఎవరూ చేయి చాపలేదు. "ఎవురికీ వద్దా? ఇంతకు ముందర ఇది అమ్మవారి చీర. ఇప్పుడు కొంగు లేని గుడ్డముక్క, కట్టుకోను రాదు. మీ దుడ్లు నా పెట్టెలో లేవు. ఈడుండాయి, ప్రతి మగ్గం మీదా. నేసినారా, అందరికీ వస్తాయి. కోసినారా, ఇదిగో ఇదే వస్తాది. మీరే చెప్పండి, ఏం చేస్తారో" అంది. సావుకారు అరుగు మీద కూలబడి, "మరి నా ఇంట్లో కూర్చున్నోళ్ళకు నేనేం చెప్పల్లమ్మా?" అన్నాడు చిన్నపిల్లవాడిలా. "ఈడికి పిల్చుకోని రా. నాకు చెప్పినట్టే వాళ్ళకూ చెప్తా. ముందు అన్నం తిను, తిథి వంట" అంది. నిజంగానే అందరికీ విస్తళ్ళు వేసింది. అప్పులు అడగడానికి వచ్చిన వాళ్ళు వరసగా కూర్చుని మామ తిథి భోజనం చేసి వెళ్ళారు. పప్పు కొంచెం మాడింది, ఎవరూ వంక పెట్టలేదు.

ఆ భోజనాల దగ్గరే ఒప్పందం జరిగింది. ఎవరూ కోయకూడదు, ఎవరూ తీయకూడదు. చీర దిగినప్పుడల్లా అమ్మి, వచ్చిన దాంట్లో ముందు పొయ్యి వెలగని ఇళ్ళకు, తర్వాత దస్తగిరన్న లాంటి వాళ్ళకు, సావుకారుకు కొంచెం కొంచెంగా. "అందరికంటే కడపట నా తమ్ముడు" అంది అత్త. మా అమ్మ కోపంతో ఆ పూట మా ఇంట్లో గిన్నెలన్నీ ఎత్తెత్తి వేసింది. హిందూపురం వాళ్ళు కూడా వచ్చి చూశారు. కోసిన పడుగు ఇంకా వాకిట్లోనే పడి ఉంది. దాన్ని చూశాక వాళ్ళు పెద్దగా గొంతు ఎత్తలేదు. ఆ సంగతి విని తక్కిన సావుకార్లు కూడా కత్తెరలు దాచుకున్నారు.

అమ్మడం ఎక్కడ? బెంగుళూరు దారి మూసుకుంది, పల్లెల్లో చేతిలో డబ్బు లేదు. అత్తకు గుంతకల్లు తట్టింది. "వానొచ్చినా రాకున్నా జీతం వచ్చేది రైలోళ్ళకే" అంది. మా నాయనను చీరల మూటతో రైలెక్కించింది. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టే మనిషి రైల్వే క్వార్టర్స్‌లో ఇంటింటికీ తిరిగి, "అమ్మా, వాయిదాల మీద తీసుకోండి, జీతాల పొద్దు వస్తా" అని చెప్పడం నేర్చుకున్నాడు. మొదటిసారి ఒక్క చీరా అమ్మకుండా తిరిగొచ్చాడు. ఎందుకురా అని అత్త అడిగితే తలుపు తట్టడానికి మొహమాటం వేసిందట! అత్త నెత్తి కొట్టుకుని నన్ను తోడు పంపింది. తలుపులు నేను తట్టేదాన్ని, మాటలు నాయన చెప్పేవాడు. అక్కడి అరవ ఆడవాళ్ళు, కన్నడ ఆడవాళ్ళు మా చీరలు ఒంటి మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే, నేను నాడె విసిరి నేసిన అంచు వాళ్ళ భుజం మీద ఉందని నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు అమ్మవారికి పాత చీరే కట్టారు. తిరునాళ్ళలో కొందరు ఆడవాళ్ళు గుసగుసలాడారు, ఏదో కీడు జరుగుతుందని. అత్త అన్నీ విని, టెంకాయ కొట్టి, నేరుగా వచ్చేసింది. ఎవరికీ ఏ కీడూ జరగలేదు. అసలు చెప్పాలంటే ఆ ఏడు కొంచెం వాన కూడా పడింది. అది ఆమె కోసిన దానికి ఫలితమని నేననను, మా వీధిలో కొందరు మాత్రం ఇప్పటికీ అంటారు.

చాలా ఏళ్ళ తర్వాత, పెళ్ళయి పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి అడిగాను. అంతమంది ముందర భయం వేయలేదా అత్తా అని. "బయం లేకేమి? అందరూ ముందుగా తీసుకోవల్లని ఉరుకుతాంటే, ఎవురో ఒకరు ముందుగా పోగొట్టుకోవల్ల గదా, అందుకని కోసినా" అంది, వక్క కత్తిరిస్తూ. ఇప్పుడు అలా ముందుగా పోగొట్టుకునేదెవరు? నా డబ్బు ఎవరి దగ్గరుందో, వాళ్ళు ఎవరికిచ్చారో నాకు తెలియదు. పోయి అడుగుదామంటే అద్దాల తలుపు వెనక రోజుకో కుర్రవాడు. వాడి ఇంట్లో తిథి ఎప్పుడో నాకేం తెలుసు? మాకు అప్పుడు డబ్బు తక్కువ, కానీ అది ఏ మగ్గం మీద ఉందో వేలు పెట్టి చూపించగలిగేవాళ్ళం. ఇప్పటి వాళ్ళను తప్పు పట్టడం లేదు. అత్త లాంటి మనిషి పక్కింట్లో ఉండడం మా అదృష్టం, అంతే.

ఏడాది దాటాక దస్తగిరన్న ఇంటి మీద రేకులు పడ్డాయి. సావుకారు లెక్కా తీరింది. అందరిదీ తీరాక ఒకరోజు పొద్దున్న అత్త గోడ దారిలోంచి వచ్చి, నాయన డబ్బు గుడ్డలో కట్టి మగ్గం పలక మీద పెట్టింది. నాయన నాడె ఆపేశాడు. "నీ దగ్గరే ఉండనీలే అక్కా" అన్నాడు. ఆ మాట అనడానికి ఎన్ని నెలలు నోట్లో నానబెట్టుకున్నాడో! అత్త ఊరుకుంటుందా? "తీసుకో ముందు. చేతిలో పెట్టుకోని చూడు. నాది నాకు వచ్చినాది అని ఒక పొద్దు నిమ్మళంగా ఉండు. తర్వాత నీ ఇష్టం" అంది. నాయన తీసుకున్నాడు. అమ్మ రెండుసార్లు ఎంచి బియ్యం కుండలో పెట్టింది. ఆ రోజంతా అది అక్కడే ఉంది. మరునాడు తెల్లవారి నాయన ముఖం కడుక్కుని, ఆ మూట కుండలోంచి తీసి కండువాలో పెట్టుకున్నాడు. అమ్మ చూసి, కుండ మీద మూత పెట్టేసింది. ఈసారి వీధి చుట్టూ తిరగలేదు. గోడ దారిలోంచి నేరుగా అక్క ఇంట్లోకి వెళ్ళాడు.